చేపల నీరు – మన నీరు

కంటికి తేటగా కనిపించి, నాలుకకు తియ్యగా తగిలిన నీటిని మంచినీరని పిలుచుట మన పెద్దలనాటి నుండి వస్తున్న అలవాటు. తెల్లనివన్నీ పాలు కావన్న మాట అందరికీ తెలుసు. తేటవన్నీ మంచినీళ్ళు కావన్న మాటను మాత్రం నల్లగొండ ప్రాంతం తన ఎముకలతో నేర్చుకొన్నది. ఆ ప్రాంతపు బిడ్డలమైన మేము, ఇంట్లో ఒక చేపలతొట్టి కొరకు నీటి పరీక్షా పెట్టెను ఎంచుకొనబోయి, ఆ పాఠాన్నే మరొక దారిన చదువుకొన్నాము. అందులోని సారాన్ని మిత్రులతో పంచుకొనుటకే ఈ వ్యాసం.

మా ఊరు తుంగతుర్తి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరుగువరకు నల్లగొండ జిల్లాలో ఉండి, ఆనాటి నుండి సూర్యాపేట జిల్లాలో చేరినది. ఇక్కడివారికి చెరువు తెలుసు, బావి తెలుసు, బోరు తెలుసు, కాలువ తెలుసు. సముద్రం మాత్రం తెలియదు. సూర్యాపేట నుండి విజయవాడ మీదుగా మచిలీపట్నం చేరవలెనన్నా రెండువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. అటువంటి ఊరిలో ఉప్పునీటి చేపలను పెంచవలెనని మేము సంకల్పించాము. మేమనగా డిగ్రీ చదువుచున్న అక్కాచెల్లెళ్ళం ఇద్దరం, ఇంటర్మీడియట్ చదువుచున్న తమ్ముడు. మా అబ్బా కాదనలేదు గాని ఒక షరతు విధించారు. "ప్రాణమున్న దానిని ఇంటికి తెచ్చుకొంటే దాని పూచీ మనదే. ముందు నీళ్ళ సంగతి తెలుసుకోండి, తరువాత చేపలు" అన్నారు. ఆ విధంగా మా ఇంటికి చేపలకంటె ముందు పరీక్షా పెట్టె రావలసివచ్చినది.

సముద్రజలం ఒక కిలోలో సుమారు 35 గ్రాముల లవణాలుంటవి. మన బంగాళాఖాతంలో గంగ, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదులు కలియుట వలన పైపొరలో ఉప్పదనం ఇంతకంటె తక్కువగా ఉంటుంది. మా తొట్టి రెండువందల లీటర్లది. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఏడు కిలోల సముద్రలవణ మిశ్రమం కావలెను. వంటింటి ఉప్పు ఇందుకు పనికిరాదు. సముద్రంలో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడ ఉన్నవి గదా. ఇక తొట్టిలోని నీరు ఆవిరైనప్పుడు నీరే పోవును, ఉప్పు పోదు. మా ఊరి ఎండాకాలంలో రోజుకు మూడు లీటర్లు ఆవిరైనదనుకొంటే, అయిదు రోజులలో పదిహేను లీటర్లు తగ్గి, 35 గ్రాముల ఉప్పదనం 38 గ్రాముల దరిదాపుకు చేరుతుంది. కనుక మొదట కొలవవలసినది ఉప్పును. తేలెడు హైడ్రోమీటరు చౌకయే గాని దానికి అంటుకొనిన చిన్న గాలిబుడగ కూడ లెక్కను తప్పిస్తుంది. మేము రిఫ్రాక్టోమీటరును ఎంచుకొన్నాము. రెండు చుక్కలు గాజుపై వేసి వెలుగులో చూస్తే చాలు. అయితే దానిని కూడ 35 గ్రాముల ప్రామాణిక ద్రావణంతో సరిచూచిన పిమ్మటనే నమ్మవలెను.

ఉప్పు తరువాత విషం. చేప విసర్జించిన మలినం నుండి, మిగిలిపోయిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తవి. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు స్థిరపడుటకు సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతలోపల చేపలను వదిలితే అవి తమ మలినంలోనే ఉక్కిరిబిక్కిరి అవుతవి. ఉప్పునీటిలో ప్రమాదం మరింత ఎక్కువ. 25 డిగ్రీల వెచ్చదనం వద్ద పి.హెచ్. 7.2 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో నూటికి సుమారు ఒక పాలే విషరూపంలో ఉండగా, సముద్రపు తీరున 8.2 ఉన్నచోట ఏడెనిమిది పాళ్ళు విషమవుతుంది. నైట్రైటు విషయం దీనికి విరుద్ధం. సముద్రజలంలోని క్లోరైడు చేప మొప్పల ద్వారా నైట్రైటు లోపలికి పోకుండ చాలవరకు అడ్డుపడుతుంది. అందుచేత ఉప్పునీటి తొట్టిలో అమ్మోనియా సీసా ప్రాణానికి కాపలా, నైట్రైటు సీసా సూక్ష్మజీవుల పని ఎంతవరకు వచ్చినదో తెలుపు గుర్తు.

హైదరాబాదులోని ఒక దుకాణంలో మేము పరీక్షా పెట్టె అడిగినప్పుడు దుకాణదారు "చేపలకా, పగడాలకా?" అని ఎదురు ప్రశ్న వేసినాడు. ఎంత విలువైన ప్రశ్న! పగడాలు పెంచువారికి కాల్షియం, మెగ్నీషియం కొలిచెడు ఖరీదైన సీసాలు అవసరం. అయితే మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లోనే పగడాలు చేరినవి. వాటి జోలికి మేము పోదలచలేదు. మేము కోరినవి రెండు క్లౌన్ చేపలు మాత్రమే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారి మండపం కేంద్రంలో ఈ చేపలను హేచరీలో పొదిగించి పెంచెడు పద్ధతి రూపొందినది గనుక, సముద్రాన్ని కొల్లగొట్టనక్కర లేకుండ వీటిని పెంచవచ్చును. అడుగవలసిన ప్రశ్న తేలగానే కొనవలసిన సీసాలు సగానికి తగ్గినవి.

ఇక మిగిలినవాటిలో ఎంపిక ఎట్లు? కాగితపు పట్టీలు ముంచి చూచుట సులభం గాని, వాటి గళ్ళ మధ్య దూరం ఎక్కువ, తేమ తగిలితే చెడిపోతవి. అమ్మోనియా సున్నాయా, లీటరుకు పావు మిల్లీగ్రామా అన్న తేడా తెలియవలసినచోట చుక్కల పరీక్షయే మేలు. అందులోను రెండు తెగలున్నవి. నెస్లర్ ద్రావణంతో చేయు పరీక్షలో పాదరసం ఉన్నది. పైగా ఉప్పునీటిలోని మెగ్నీషియం వలన గొట్టంలో మడ్డి ఏర్పడి రంగు తెలియదు. సాలిసిలేటు పద్ధతి ఉప్పునీటికి తగినది. పసుపు నుండి ఆకుపచ్చకు రంగు మారుతుంది. పి.హెచ్. సీసాలలో 6.0 నుండి 7.6 వరకే చూపెడునవి మంచినీటి తొట్లకు చేసినవి, 8.2ను అవి చూపలేవు. నైట్రేటు పరీక్షకు ఉప్పునీటి రంగుపట్టిక వేరుగా ఉండవలెను. అదీగాక, ఆ సీసాలలో ఒకదాని అడుగున మందు పేరుకొంటుంది. అర నిమిషమైనా గట్టిగా కుదిపి వేయకపోతే ఉన్న నైట్రేటు కూడ లేనట్లే కనిపిస్తుంది.

ఈ లెక్కలన్నీ చూచుకొని ఏ.పీ.ఐ. వారి ఉప్పునీటి పెట్టెను తీసికొన్నాము. అందులో హెచ్చు స్థాయి పి.హెచ్., అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు నాలుగూ ఉన్నవి. క్షారత కొలిచెడు సీసా అందులో లేదు గనుక దానిని విడిగా కొన్నాము. అయిదు మిల్లీలీటర్ల నీటిలో చుక్క తరువాత చుక్క వేయుచు, నీలిరంగు పసుపుగా మారువరకు లెక్కించుటయే ఆ పరీక్ష. సాలిఫర్ట్, రెడ్ సీ వంటి పెట్టెలు కూడ ఉన్నవి. రంగును కంటితో గాక దీపకాంతితో కొలిచి అంకెగా చూపెడు హన్నా యంత్రమూ ఉన్నది. మా తమ్మునికి ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు గనుక ఆ యంత్రం మీదికి మనసు పోయినది. కాని ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క యంత్రం కావలసివచ్చుట మా శక్తికి మించినది. చివరకు పని పంచుకొన్నాము. చుక్కలు లెక్కించుట, గడియారం చూచుట తమ్మునివి. రంగు చదువుట అక్కాచెల్లెళ్ళవి. అది కూడ పగటి వెలుగులో, తెల్ల కాగితం ముందర, ఒకరి మాట ఒకరు వినకముందే ఎవరి అంకె వారు వ్రాసి, ఆ తరువాత సరిచూచుకొనుట. మంచి పెట్టె అనగా ఖరీదైనది కాదు, దానిని చదువవలసిన కళ్ళకు తగినది అని అప్పుడు గ్రహించాము.

మరొక సంగతి కూడ చెప్పవలెను. మన గ్రామాలలో నేడు నీటి పరీక్ష కొత్త కాదు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ క్రింద ఊరికి అయిదుగురికి, వీలైనంతవరకు స్త్రీలకే, క్షేత్ర పరీక్షా పెట్టెలతో నీటిని పరీక్షించుటలో శిక్షణ ఇచ్చుట పద్ధతిగా వచ్చినది. మా వాడకట్టులోనే అట్టి శిక్షణ పొందిన ఒక అక్క ఉన్నది. "ఆ పెట్టెతోనే చేపల నీళ్ళు చూస్తే కాదా?" అని మా అమ్మీ అడిగినది. కాదు. సముద్రజలంలో లీటరుకు సుమారు 19,000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటుంది. త్రాగునీటికి భారత ప్రమాణాల సంస్థ కోరిన మేర 250 మాత్రమే, వేరు దిక్కు లేనప్పుడు 1,000. కాఠిన్యం చూడబోతే సముద్రంలో ఆరువేలకు పైన. త్రాగునీటి పెట్టెతో దానిని కొలువబోతే చుక్కలు లెక్కించి లెక్కించి సీసాయే ఖాళీ అవుతుంది. దూది కొట్టువాని త్రాసులో ధాన్యపు బస్తా తూచినట్లుంటుంది!

అయితే ఆమె ప్రశ్న మమ్మల్ని మరొక ప్రశ్నకు నడిపించినది. తొట్టిలో పోయు మూలజలం ఎటువంటిది? మా ఇంట రెండు నీళ్ళున్నవి: పెరటి బోరు, మిషన్ భగీరథ కుళాయి. కుళాయి నీటిలో క్రిములను చంపుటకు కలిపిన క్లోరిన్ ఉంటుంది. త్రాగువారి క్షేమం కొరకు కుళాయి చివరన కూడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండవలెనన్నది ప్రమాణం. అదే క్లోరిన్ చేప మొప్పలను కాల్చివేస్తుంది. మనకు మేలు చేయునది చేపకు కీడు. ఇక బోరు నీటిని గురించి తెలిసికొనుటకు ఆ అక్క వద్దకు ఒక సీసాడు నీరు తీసికొనిపోయినాము. ఆమె ఫ్లోరైడు కూడ చూచినది. రంగు ఒకటికి, ఒకటిన్నరకు నడుమ నిలిచినది.

ఫ్లోరైడు అన్న మాట మా ఇంట వినిపించగానే అందరికీ గుర్తుకు వచ్చేది మా ఖాలా. అమ్మీకి అక్క. మర్రిగూడ వైపు కోడలిగా పోయి, అక్కడి బోరు నీటితో నలుబదియేండ్లు సంసారం చేసినది. నేడు ఆమె మెడ వంగదు, వెన్ను వంగదు; పక్కకు చూడవలెనన్న దేహమంతా తిరుగవలెను. "మంచి తియ్యటి నీళ్ళు బిడ్డా, అందరం అవే తాగినం" అంటుంది. నిజమే. మన గ్రానైటు శిలలలోని కొన్ని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉన్నచోట అది ఫ్లోరైడుతో కలిసి గడ్డకట్టి దానిని కొంతవరకు అణచి ఉంచుతుంది. కాల్షియం తక్కువైన మెత్తని నీటిలో ఫ్లోరైడు పెరుగుతుంది. కనుక నాలుకకు మంచిదనిపించిన నీరే ఎముకకు చెడ్డది కావచ్చును. పసితనంలో పండ్లపై మచ్చలు, ఏండ్ల తరబడి త్రాగితే కీళ్ళు, వెన్ను బిగుసుకొనుట. ఒకసారి ఎముక బిగిసిన తరువాత దానిని మునుపటివలె చేయు మందు లేదు. నీటిని కాచినందున ఫ్లోరైడు పోదు; నీరు ఇగిరి మరింత చిక్కబడుతుంది.

ఈ వ్యాధిని మన దేశంలో 1937లో, నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా ప్రాంతంలో వైద్యులు గుర్తించి ప్రకటించారు. అనగా అది కూడ మన తెలుగునేలయే. 1970ల దశకంలో నాగపూర్‌లోని 'నీరి' సంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడును తగ్గించు విధానాన్ని రూపొందించి దానికి నల్లగొండ పేరు పెట్టారు. ఒక జిల్లా పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాలకు ఎక్కినదని సంతోషింతుమా, ఎందువలన ఎక్కినదని విచారింతుమా! 2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ ప్రారంభమై, కృష్ణా జలం మర్రిగూడ, మునుగోడు వైపు కుళాయిలకు చేరినది. ఖాలా మనుమలు నేడు ఆ నీరే త్రాగుచున్నారు. ఆమె ఎముకలు మాత్రం పాత నీటి లెక్కను మరువలేదు.

ఇక్కడ మేము చదివిన ఒక్క అంకె మమ్మల్ని చాలసేపు మౌనంగా కూర్చుండబెట్టినది. సముద్రజలంలో సహజంగానే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉంటుంది. మా బోరులో ఉన్నదీ ఇంచుమించు అంతే. త్రాగునీటికి మన ప్రమాణం కోరునది 1.0 లోపల, వేరు దిక్కు లేనప్పుడు 1.5 వరకు. సముద్రపు చేప అందులోనే పుట్టి అందులోనే పెరుగుతుంది, దానికి చింత లేదు. అందుచేతనే మేము కొన్న పెట్టెలో ఫ్లోరైడుకు సీసాయే లేదు. అది దాని లోపం కాదు, అది చేప పక్షాన ప్రశ్నించు పెట్టె. కాని మా ఇంట చేప నీటిని పావు మిల్లీగ్రాము వరకు కొలువగల సాధనముండి, ఖాలా వెన్ను వంచిన దానిని కొలుచు సాధనం ఒక్కటి లేదన్న సంగతి ఎంత ఆలోచించదగినది!

మరునాడే బోరు నీటిని ప్రభుత్వ ప్రయోగశాలకు పంపినాము. ఎందుకనగా పెట్టె రంగు దారి చూపునదే గాని తీర్పు చెప్పునది కాదు. జిర్కోనియంతో కూడిన ఎర్రని రంగు ద్రావణం నుండి ఫ్లోరైడు జిర్కోనియంను లాగికొనగా రంగు మారుట ఆ పరీక్షలోని కీలకం. పటిక వేసి శుభ్రపరచిన నీటిలో అల్యూమినియం మిగిలి ఉంటే ఈ రంగు లెక్క తప్పవచ్చును. ప్రయోగశాల 1.2 అని వ్రాసి పంపినది. ఆనాటి నుండి అన్నం, పప్పు, చాయ అన్నిటికీ కుళాయి నీరే. బోరు నీరు స్నానానికి, గిన్నెలకు. కుళాయి రాని రోజుకొరకు అమ్మీ రెండు బిందెలు ఎప్పుడూ నింపి ఉంచుచున్నది.

తొట్టికి ఆర్.ఓ. నీరు పోసి ఏడు కిలోల ఉప్పు కలిపినాము. ఆ నీటిని చూచుటకు టి.డి.ఎస్. మీటరు ఉపకరించినది. ఆర్.ఓ. యంత్రం పని చేయుచున్నదా లేదా అన్నంతవరకే దాని సాక్ష్యం. కరిగిన లవణాలన్నీ కలిపి ఎంత అన్నదే అది చెప్పును. అందులో ఫ్లోరైడు ఎంత, నైట్రేటు ఎంత అన్నది దానికి తెలియదు. ఇంటింటికీ వచ్చి ఆ మీటరు ముంచి చూపి నీరు మంచిదనో చెడ్డదనో చెప్పువారి మాటను ఈ సంగతి ఎరిగి వినవలెను. చేపలు లేకుండనే చిటికెడు మేత వేసి, రోజు విడిచి రోజు పరీక్షించి నోటుపుస్తకంలో వ్రాసినాము. అమ్మోనియా పెరిగినది, తగ్గినది. నైట్రైటు పెరిగినది, తగ్గినది. ఆరవ వారంలో రెండును సున్నా అయినవి. అప్పుడు ఆ పుస్తకం చూచి అబ్బా "ఇక తెండి" అన్నారు. తొట్టిని ఎక్కడ పెట్టవలెనన్న ప్రశ్న రాగా, మెడ వంచలేని ఖాలా కుర్చీలో కూర్చున్నప్పుడు ఆమె కంటికి సరిగా ఎదురయ్యే ఎత్తున బల్ల చేయించినాము. ఆమె వచ్చినప్పుడల్లా ఆ రెండు చేపలూ ఆమె ముందర ఈదుచుంటవి.

విద్యార్థి మిత్రులారా! పరీక్షా పెట్టెను ఎంచుకొనువారు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ నీరు ఎవరి కొరకు? వారికి హాని చేయునది ఏది? దానిని చూపగల రంగును చదువువారెవరు? ఈ మూడింటికి జవాబు లేనిదే ఎంత ఖరీదైన పెట్టె అయినా అలంకారమే. మనలో ఎందరో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పల్లెల నుండి వచ్చుచున్నాము. సాగర్ ఎడమ కాలువ పారెడు ఊళ్ళున్నవి, బోరు తప్ప దిక్కులేని వాడలూ ఉన్నవి. ఎవరి ఇంటి నీటిలో ఏమున్నదో ఎవరికి తెలుసు?

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. మన రసాయనశాస్త్ర ప్రయోగశాలకు ఫ్లోరైడు, నైట్రేటు కొలిచెడు ఒక త్రాగునీటి పరీక్షా పెట్టెను తెప్పించవలెను. సెలవుల నుండి తిరిగివచ్చు ప్రతి విద్యార్థీ తన ఇంటి బోరు నుండి ఒక సీసాడు నీరు తెచ్చి, తన చేతులతో పరీక్షించి, ఊరి పేరుతో ఒక పెద్ద పుస్తకంలో వ్రాయవలెను. అనుమానమున్న నీటిని ప్రభుత్వ ప్రయోగశాలకు పంపవలెను. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అన్నారు పెద్దలు. ఎముక బిగిసినాక కడుగుటకు నీరు కూడ పనికిరాదు. ఆ పుస్తకంలో మొదటి పేజీ మా తుంగతుర్తి బోరుది కావలెనని, అంకెతో సహా దానిని ఇచ్చుటకు మేము సిద్ధముగా ఉన్నామని సవినయంగా తెలియజేయుచున్నాము.